హార్లన్ తూటాలు విప్పిన వారం

మా ఆయన ఆర్లో ట్వేట్‌కి మాట తక్కువ, తూకం ఎక్కువ. ఊళ్ళో ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్ళు లారీల్ని కాటా ఎక్కించి దించాడు. ఉత్తర డకోటా రైతులు ఊరికే ఊరుకునే రకం కాదు. అయినా ఒక్కడూ వచ్చి తూకం తప్పావని అనలేదు. రిటైరయ్యాక ఆ పిచ్చంతా తూటాల మీదికి మళ్ళింది. కాల్చిపారేసిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి కడుగుతాడు. అడుగున కొత్త పేలుడు బిళ్ళ నొక్కి, తూచిన తుపాకి మందు పోసి, మూతికి గుండు బిగిస్తాడు. శనివారం మధ్యాహ్నం పొలం చివర మట్టికట్ట ముందు వేలాడదీసిన ఇనుప పళ్ళెం మీద కాలుస్తాడు. పళ్ళెం ఖంగుమన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే సంతోషం మా పెళ్ళిరోజున కూడా చూడలేదు, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ తూటాల గదిలో ఉన్నన్ని నియమాలు మా చర్చిలో కూడా లేవు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. రేడియో పెట్టకూడదు. మందు పోస్తున్నప్పుడు నేను నోరెత్తకూడదు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నా నోరు మూయించిన చోటు అదొక్కటే. నింపిన ప్రతి పెట్టె మీదా చీటీ ఉండాలి. ఏ మందు, ఎన్ని గ్రెయిన్ల తూకం, ఏ తేదీ, ఎవరు నింపారు. నింపిన మనిషి ఎదురుగా ఉండి జవాబు చెప్పలేకపోతే ఆ తూటా పేల్చకూడదు.

ఆ బల్ల దగ్గర రెండు స్టూళ్ళుండేవి. రెండోది ఆర్లో అన్న హార్లన్‌ది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, పక్క పొలంలో ఒంటరిగా ఉండేవాడు. అన్నదమ్ములిద్దరూ గంటల తరబడి ఒక్క మాట లేకుండా పక్కపక్కనే కూర్చుని తూటాలు నింపుకునేవారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున హార్లన్ మట్టికట్ట పక్కన ఆపిన పికప్‌లో కనబడ్డాడు. ఇంజను నడుస్తూనే ఉంది, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, ఆయన మాత్రం లేడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

మే నెలలో మంచు కరిగాక ఆ గదిలో హార్లన్ అరలో పద్నాలుగు పెట్టెలు తేలాయి. పెట్టెకి యాభై.

"ఇవి పేల్చడానికి లేదు. నింపినవాడు లేడు. విప్పాలి," అన్నాడు ఆర్లో.

"ఏడొందలా? వారం పడుతుంది. నా నడుము గతేంటి?"

"కూర్చునే తూచొచ్చులే."

తొందరకి కారణం ఉంది. ఆ శనివారం మా మనవరాలు సిగ్ని కొత్త రైఫిల్‌తో వస్తోంది. తాతయ్య నింపిన తూటాలతోనే మొదటిసారి కాలుస్తానని పట్టుబట్టింది. దానికోసం ఆర్లో యాభై నింపి పక్కన పెట్టాడు. పిల్ల వచ్చేలోగా హార్లన్‌వి ఇంట్లోంచి పోవాలని ఆయన పట్టుదల.

సుత్తిలాంటి పనిముట్టులో తూటా దూర్చి నేలకేసి కొడితే గుండూ మందూ ఊడిపడతాయి. ఆర్లో కొట్టేవాడు, నేను మందు తూచి రాసేదాన్ని. తూచిన మందు పెరట్లో రుబార్బ్ మొక్కల మడిలో చల్లేదాన్ని, దానికి మంచి ఎరువది. పాత పెట్టెలతో మొదలుపెట్టాం. సోమవారం విప్పినవన్నీ నలభై రెండు గ్రెయిన్లు. మంగళవారం కూడా అన్నీ నలభై రెండే. నాకు ఆవలింతలొచ్చాయి.

బుధవారం నలభై ఒకటిన్నర వచ్చింది. తర్వాత నలభై మూడు.

"కాటా చెడిందేమో చూడు," అన్నాను.

ఆర్లో తూకం రాయి పెట్టి చూశాడు. "కాటా బాగానే ఉంది."

తర్వాతి పెట్టెలో ఒకటి మూతిదాకా కూరి ఉంది. ఇంకోటి కొడితే గుండు ఒక్కటే పడింది, మందే లేదు.

"ఖాళీదైతే మంచిదేగా, పేలదు."

"అదే ఎక్కువ ప్రమాదం, ఇడెల్లా. బిళ్ళ ఒక్కటే పేలి గుండుని తుపాకీ గొట్టంలో సగం దాకా తోసి వదిలేస్తుంది. తెలీక వెనకే రెండోది కాలిస్తే తుపాకీ ముఖం మీదే పగులుద్ది."

చీటీల మీద మాత్రం అన్నిటికీ నలభై రెండనే ఉంది, హార్లన్ గుండ్రటి రాతలో. ఇవన్నీ హార్లన్ ఈ బల్ల మీదే, ఆర్లో పక్కనే కూర్చుని నింపాడు. మధ్యమధ్యలో నేనే కాఫీ ఇచ్చాను.

గురువారం చివరి పెట్టె. మొదటి తూటా కొట్టగానే పళ్ళెంలో పడిన చప్పుడు వేరుగా ఉంది. చూస్తే గోధుమ గింజలు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"తూచు," అన్నాడు ఆర్లో.

"గోధుమల్ని తూచేదేంటి?"

"తూచవే."

తూచాను. సరిగ్గా నలభై రెండు. ఒక్కొక్కదాంట్లో తూకం కుదరడానికి హార్లన్ చివరి గింజని సగానికి విరిచి వేశాడు. యాభైకి యాభై అలాగే. బయట గాలి రేకుల్ని వాయిస్తోంది. ఖాళీ స్టూలు వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

"పోయినేడు అన్న కాల్చడం మానేశాడు. కళ్ళు ఆనట్లేదన్నాడు," అన్నాడు ఆర్లో.

"తనకేదో అవుతోందని తెలిసే మానేశాడంటావా?"

ఆయన లేచి సిగ్ని కోసం నింపిన పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తీసి బోర్లించి పక్కన పెట్టాడు.

"రేపు ఇవి కూడా విప్పు. నువ్వే కొట్టు, నువ్వే తూచు. నేను ముట్టుకోను."

"నీకేమైందని?"

"అన్నా నేనూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళమే, ఇడెల్లా."

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాను. ఆర్లో తన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పడింది మందే, గోధుమలు కాదు. నలభై రెండు. నలభై రెండు. ఇరవై దాటాక ప్రతిదీ రెండోసారి తూచడం మానేశాను. నలభై దాటాక కూనిరాగం తీశాను. యాభైకి యాభై, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒక్కటీ తప్పలేదయ్యా. అనవసరంగా నా ప్రాణం తీశావు. మళ్ళీ నింపుకో, రేపు పిల్లని రానీ," అన్నాను. నిజంగా నాకు నవ్వొచ్చేసింది.

ఆర్లో హాయిగా తలాడించాడు. "అన్న ఎప్పుడూ అంతే. వాడి తూకం తప్పదు."

నేను మూత తిప్పి చీటీ చూశాను. మొన్న ఆదివారం తేదీ. రాత ఆర్లోదే, పక్కకి వాలిన అక్షరాలు. నింపినవారు: హార్లన్.

"ఆర్లో," అన్నాను మెల్లగా, "హార్లన్ పోయి మూణ్ణెల్లయింది."

ఆయన పక్క స్టూలు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలుసు. నేనూ చెప్తూనే ఉన్నా. వాడు వినట్లేదు."

ఇంట్లోకొచ్చి సిగ్నికి ఫోన్ చేశాను.

"రేపు తుపాకీ తేకు తల్లీ. ఊరికే వచ్చి తాతయ్య దగ్గర కూర్చో."

"ఎందుకమ్మమ్మా? తూకం తప్పిందా?"

"లేదు," అన్నాను. "ఒక్కటీ తప్పలేదు."

ఆ మాట అంటూనే ఏడ్చేశాను.