పద్నాలుగో ఫారం

పదేళ్లు దాటింది. నా బీరువాలో, పట్టుచీరల అడుగున, నాది కాని ఒక కాగితం ఉంది. చీర తీసినప్పుడల్లా చేతికి తగులుతుంది. చించెయ్యలేను, ఎవరికీ చూపలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

సరళ, నేను ఐరాలలో ఒకే వీధి పిల్లలం, డిగ్రీలో ఒకే క్లాసు. ఎన్నికలొస్తున్నాయని ఆమె ఇల్లిల్లూ తిరిగి, పద్దెనిమిది నిండిన వాళ్లందరి చేతా ఓటరు ఫారాలు నింపించింది. "మన నాయనోళ్లకు ఇరవై ఒకటి నిండితేగాని ఓటు లేదంట. మనకు పద్దెనిమిదికే ఇచ్చినారు. పోకుంటే ఎట్లబ్బా?" అనేది. వీధంతా ఆమె మాటే. మా నాయన కూడా అన్నం ముందు కూర్చుని, "ఆ పిల్లకుండే తెలివి నీకు యాడుండాది?" అన్నాడు. కుళ్లుకున్నాను. దానికి మర్యాదైన పేరు వెతకను.

ఓటర్ల జాబితా చూసే అంగన్‌వాడీ టీచరు మా పక్కింట్లో ఉండేది. అందుకని నాదీ కలిపి పద్నాలుగు ఫారాలూ సరళ నా చేతికే ఇచ్చింది. పదమూడు ఇచ్చాను. సరళది దాచేశాను. జాబితా వచ్చాక సరళ నన్ను చూసి రమ్మంటే, చూసొచ్చి "అందరివీ ఉన్నాయి" అన్నాను. మొదటిది ఉక్రోషంలో చేశాననుకుందాం. మరి రెండోది?

పోలింగు రోజు సరళ అందరినీ వెంటబెట్టుకుని ఓట్లు వేసే బడికి వచ్చింది. అందరి వేళ్లకూ సిరా పడింది. జాబితాలో ఆమె పేరొక్కటే లేదు.

"నా ఫారం ఇచ్చినావు గదమే?"

"ఇచ్చినానే. ఆ టీచరమ్మే యాడో పారేసుకొనుంటాది."

నమ్మింది. మేం వేళ్లు చూపుతూ ఫోటో దిగుతుంటే, తీసింది ఆమే. నాకు సంతోషం కలిగింది. అబద్ధమెందుకు, కలిగింది.

తర్వాత సత్యవేడుకు కోడలుగా వెళ్లింది. ఇప్పటికీ ఓటు రాయించుకోలేదు. అడిగితే, "ఆ పొద్దే లేదన్నారు, ఇంకెందుకులేమే" అంటుంది. మొన్నటి ఎన్నికల్లో వరుసలో నా ముందున్న పెద్దాయన, "పద్దెనిమిదికే ఓటిచ్చినా ఈ కాలం పిల్లోళ్లు రారమ్మా" అన్నాడు. నేనూ తలూపాను. సరళ ఎందుకు రాదో తెలిసి కూడా తలూపాను.

ఇంటికొచ్చి ఆ ఫారం తీశాను. చివర, పైన రాసినదంతా నిజమేనన్న మాట కింద, సరళ గుండ్రటి సంతకం. ఇప్పుడు మీకు నేను రాసిన ఇదంతా కూడా నిజమే. రాశాక గుండె కొంచెం తేలికైంది. దీని కింద నా సంతకం పెట్టే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.