పిట్టకు పెట్టిన ఫోను

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. డ్రిల్లు సారు పోయి నెల దాటింది. వాడకట్టు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఎన్నడూ కప్పుకోని శాలువా ఆయన భుజాల మీద అతికించి, కింద ‘మహోన్నత వ్యక్తి’ అని అచ్చువేశారు. సారు చూసి ఉంటే ఈల ఊది ‘ఫౌల్’ అనేవాడు. ఫ్లెక్సీ చింపే ధైర్యం నాకు లేదు. అందుకని కలం పట్టుకున్నాను.

కబురు తెచ్చింది పాలాయన. "కాకా, సారు లేస్తలేడు. జర రా" అన్నాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను పోయేసరికి సారు పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. మెడలో ఈల ఉంది. నౌకరీ దిగి ఏళ్ళయినా ఆ తాడు తీయలేదు. మంచం కింద ఆయన బటన్ ఫోను ఛార్జింగులో ఉంది. డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజు పోను ఇంకా రెండు రోజులే గడువు.

సారు మా నేతకార్ల వాడకు ఆనుకుని ఉన్న హైస్కూల్లో పిల్లల చేత కసరత్తు చేయించేవాడు. లెక్కలు చెప్పలేదు, ఇంగ్లీషు చెప్పలేదు. కానీ ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పిల్లలు లెక్కల సారింటికి పోయేవారు కాదు, ఈయన గుమ్మం ముందుకు వచ్చేవారు. ఆయన సున్నం డబ్బా తీసుకుని, ఒకప్పుడు కబడ్డీకి గీసినట్టే, వీధిలో పొడుగ్గా గళ్ళు గీసేవాడు. ఒకటో గడి, రెండో గడి, మూడో గడి, ఆప్షన్ల వరుసలో. పిల్ల ఒకటో గడిలో నిలబడి ఏ కాలేజీ, ఏ కోర్సు చెప్పాలి. సారు ‘ఎందుకు?’ అని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికి కూడా జవాబు నిలిస్తే ఆ పేరు కాగితమెక్కుతుంది.

"గా కాలేజీకెళ్లి మన ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి?"

"తెల్వది సార్."

"తెల్వదంటే నడుస్తవా? పో, బస్టాండ్ల అడిగిరా. గప్పటిదాంక గీ గడి ఖాళీ."

పక్కన నిలబడ్డ తల్లులు నవ్వేవారు. ఒకసారి ఒక తండ్రి అడ్డం పడ్డాడు. "సార్, మాకచ్చేదే ముందు పెట్టుండ్రి. పెద్దపెద్దయి మాకెందుకు?" సారు ఆయననూ తెచ్చి ఒకటో గడిలో నిలబెట్టాడు. "అచ్చేదాన్ని ముందు పెడితే అదే అస్తది. కావాల్సినదాన్ని ముందు పెట్టు. రాకపోతే రెండోది ఎటూ ఉన్నది. అడగకముందే తల వంచుడు నీకెవలు నేర్పిండ్రే?" నేర్పినవాళ్ళ పేర్లు చెప్పాలంటే ఆ తండ్రికి చాలా పొద్దు పట్టేది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, సారు లేడు కనుక ఆపేవాళ్ళు లేరు. నేను బడి మొహం చూడలేదు. మరమగ్గం దగ్గర నిలబడి, మిర్చి బజ్జీల పొట్లాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. పొట్లంలో కథ సగమే ఉంటుంది. మిగతా సగంలో ఇంకొకరి బజ్జీలు ఉంటాయి. అందుకే నాకు మొదళ్ళు బాగా తెలుసు, చివర్లు ఊహించుకోవడమే. అయినా వాడలో నన్ను చదువుకున్నవాడి కిందే లెక్కగట్టేవారు. ఆ లెక్కే ఒక పిల్ల కొంప ముంచింది.

నాలుగిళ్ళ అవతల నా తోటి మగ్గపాయన ఉంటాడు. ఆయన పెద్దబిడ్డ ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుంది. సారు అప్పుడు కొడుకు దగ్గర ఆదిలాబాద్‌లో ఉన్నాడు, కంటి ఆపరేషనుకు. ఆ వారంలోనే ఒక ప్రైవేటు కాలేజీ మనిషి మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వాడలో దిగాడు. నాకు అల్లుడి వరుస. ఆప్షన్లు పెట్టాలంటే, పిల్ల నమోదు చేసుకున్న ఫోనుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది. అది చెబితే తానే అన్నీ చూసుకుంటానన్నాడు. పిల్ల నా వైపు చూసింది. "మనోడే బిడ్డా, చెప్పు" అన్నాను. చెప్పింది. అతను తన కాలేజీ ఒక్కటే పెట్టి, ఇక మార్చే వీల్లేకుండా తాళం వేశాడు. ఆ కాలేజీ ఒక ఫంక్షన్ హాలు మీది అంతస్తు. పెళ్ళిళ్ళ రోజుల్లో క్లాసులుండవు, మిగతా రోజుల్లో సార్లుండరు. పిల్ల ఏడాదికే మానేసింది. ఇప్పుడు గడపలో కూర్చుని బీడీలు చేస్తుంది. నేను అటు పోయినప్పుడల్లా ‘బాగున్నవా తాతా’ అని అడుగుతుంది. తిట్టినా బాగుండేది.

సారు తిరిగొచ్చి విన్నాడు. గోడ మీదుగా నన్ను పిలిచాడు. "నువ్వు సదువుకోలే, అది నీ తప్పు గాదు. సదువుకునే పిల్లకు మనోడే అని చెప్పినవ్ సూడు, అది నీ తప్పు. ఓటీపీ అంటే నోటికాడి ముద్ద. మనోడైతేంది, మందోడైతేంది, ఒకల ముద్ద ఇంకొకలు తింటరా?" తర్వాత రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెల సున్నం డబ్బా నా చేతికిచ్చి, "గీతలు వంకర రావద్దు" అన్నాడు. క్షమించడం ఆయన దగ్గర అలాగే ఉండేది, పని చెప్పడం.

అప్పటినుంచీ ఇంట్లో నమ్మకమైన ఫోను లేని పిల్లలకు తన బటన్ ఫోను నంబరే ఇచ్చేవాడు. ఓటీపీ వస్తే తాను చూసేవాడు కాదు. తెర పిల్ల వైపు తిప్పి, తాను వీధి వైపు చూసేవాడు. "నేను సచ్చినా ఎవలికి చెప్పద్దు, నాగ్గూడ" అనేవాడు. ఆ అల్లుడి వరుస మనిషి మరో ఏడు మళ్ళీ డబ్బాతో వస్తే, సారు ఈల ఊది ఒకటో గడిలో నిలబెట్టి, "మీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబు ఏ అంతస్తుల ఉన్నది?" అని మూడుసార్లు అడిగాడు. అతను మూడుసార్లూ మైసూర్‌పాక్ తినమన్నాడు.

ఈ ఏడు ఆ మగ్గపాయన రెండో బిడ్డ వంతు. అఖిల. సారు నంబరుతోనే నమోదు చేసుకుంది. భౌతికశాస్త్రం చదువుతానంది. కరీంనగర్‌లో హాస్టలున్న ఆడపిల్లల సర్కారు కాలేజీ ఒకటో గడి. మూడు ‘ఎందుకు’లకూ జవాబు చెప్పింది. మూడోసారి మాత్రం కొంచెం గొంతు పెంచింది. "అక్క లెక్క కావద్దని సార్." సారు ఇంకేమీ అడగకుండా కాగితం మీద రాశాడు. బస్సు పాసు, హాస్టలు సంగతి కనుక్కుని రెండు రోజుల్లో పెడదామన్నాడు. ఆ మర్నాడే పోయాడు.

శవం ఇంకా లేవకముందే అల్లుడి వరుస మనిషి దండ పట్టుకుని వచ్చాడు. దండ వేసి, అఖిల తండ్రి పక్కన కూర్చున్నాడు. "సారే పోయిండు. పిల్లను గంత దూరం ఎవల భరోసాతోని పంపుతవే? నా నంబరుకు మార్పిస్త." తండ్రి తల గోక్కున్నాడు. అఖిల నా వైపు చూసింది, అక్క చూసినట్టే. నేనన్నాను: "అల్లుడా, దండేసినవ్ గదా, పోయిరా."

"మామా, ఆనాడు నువ్వే గదనే చెప్పు అన్నది?"

"ఆనాడు నా బుద్ధి గడ్డి తిన్నది. ఈనాడు తింటలేదు. నడువ్."

మూడో రోజు. గడువు సాయంత్రం అయిదింటికి. పొద్దున్నే అఖిల స్నేహితురాలి పెద్ద ఫోను పట్టుకుని వచ్చింది. "తాతా, ఓటీపీ సారు ఫోనుకే అస్తది." సారింట్లో వెతికాను. మంచం కింద ఛార్జరు మాత్రమే ఉంది. సారు కోడలు చెప్పింది, ఫోను పిట్టకు పెట్టడానికి తీసుకుపోయారని.

మా దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరం జరిగి నిలబడతారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. నేనూ అఖిలా పోయేసరికి చెరువు కట్ట కింద అందరూ ఎండలో నిలబడి ఉన్నారు. ఆకులో మటన్, చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. పక్కన ఈల, బటన్ ఫోను. కాకులు చింతచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి, ఒక్కటీ దిగలేదు.

"ఏం కోరిక ఉండెనో" అన్నారెవరో.

నేను పోయి ఆకు పక్కనుంచి ఫోను తీశాను. ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. పెద్దాయన ఒకడు కర్ర ఎత్తాడు. "ఏయ్, పిట్ట ముట్టకముందే ముట్టినవ్! సదువులేనోడా!"

"సదువు లేదు, నిజమే" అన్నాను. "పిట్టకు ఓటీపీ ఎందుకే?"

సారు కొడుకు దగ్గరికొచ్చాడు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు మనిషి, మాట తక్కువ. పలకరింపుల కాల్స్ పడలేక తానే స్విచ్ఛాఫ్ చేశానన్నాడు. సంగతి చెప్పాను. ఫోను తీసుకుని ఆన్ చేశాడు. కర్ర పెద్దాయన తిడుతూనే ఉన్నాడు. అఖిల తండ్రి ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి ఒకరికి ఎదురు నిలబడటం నేను చూడటం అదే మొదలు.

అఖిల సారు రాసిన కాగితం తీసి, గట్టు మీద కూర్చుని పేర్లన్నీ వరుసగా పెట్టింది. బటన్ ఫోను నా చేతిలో గుర్రుమంది. తెర ఆమె వైపు తిప్పాను. నేను చెరువు వైపు చూశాను. ఆరంకెలేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయింది తాతా" అంది.

ఫోను మళ్ళీ ఆకు పక్కన పెట్టబోతుంటే సారు కొడుకు చెయ్యి చాపి తీసుకున్నాడు.

"ఇంకెంతమంది పిల్లలవి ఉన్నయి కాకా?"

"నలుగురివి."

ఒక్క గీతే ఛార్జింగు ఉందని చూసుకుని, ఛార్జరు కోసం ఇంటికి పోయాడు.