నాలుగు వేళ్ల ఎడం

నా చిన్నప్పుడు మా కామాటిపుర గల్లీలో మగపిల్లవాడికి మీసం కంటే ముందు కండ రావాలని అందరూ అనుకునేవారు. ఎనభైల తొలినాళ్ల మాట. ఫాక్‌లాండ్ రోడ్డు మీద వీడియో పార్లర్ల బయట కండలు తిరిగిన వీరుల బొమ్మలు అంటించి ఉండేవి. వాటి ముందు నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి, మా దండచేతులు మేమే నొక్కి చూసుకునేవాళ్లం. ఎముక తప్ప ఏమీ తగిలేది కాదు.

కామాటిపుర అనగానే మీలో కొందరి పెదవి మీదికి ఒక నవ్వు వస్తుంది. నాకు తెలుసు. అరవై దగ్గరపడుతున్నా ఆ నవ్వు చూస్తూనే ఉన్నాను. రాయి మోసి, సున్నం కలిపి, ఈ బొంబాయి గోడలు లేపిన మా కామాటీల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. తరవాత అక్కడ ఒళ్లమ్ముకుని బతకాల్సి వచ్చిన ఆడవాళ్ల రాత్రులు ఎలా తెల్లవారాయో, అది వాళ్ల తప్పూ కాదు, మా తప్పూ కాదు. ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ నవ్వుకూ నా కుడి భుజానికీ సంబంధం ఉంది.

నాన్న పోయాక అమ్మా నేనూ తాతయ్య గదిలోనే ఉండేవాళ్లం. తాతయ్య మేస్త్రీ. ఆయన దారానికి గుండు కట్టి వదిలి, ఒక కన్ను మూసి గోడ నిలువు చూశాడంటే ఇంజనీరు కూడా నోరు మూసుకునేవాడు. గదికో కాపురం ఉండే మా చాలీ కింద ఒక పెద్ద గదిలో తాలీం, అంటే కుస్తీల గోదా, ఉండేది. ఎర్రమట్టి, పగిలిన అద్దం, రెండు కర్ర గదలు, గోడల మధ్య అడ్డంగా బిగించిన ఒక ఇనుప కడ్డీ. అంతే సరంజామా. ఇప్పటి పిల్లలు దాన్ని జిమ్ము అనరు గానీ, మాకు అదే జిమ్ము. ఎత్తడానికి బరువులు కావాలని కుర్రవాళ్లు గోల పెడితే మా వాళ్లు బజారుకు వెళ్లలేదు. రెండు వనస్పతి డబ్బాలు తెచ్చి, నీళ్ల పైపు ముక్క చెరో కొస అందులో నిలిపి, కాంక్రీటు పోశారు. మా జనానికి అంతకంటే చేతికి వచ్చిన పని ఏముంది?

పోసింది మా తాతయ్యే. ఒక డబ్బా నిండేసరికి కలిపిన మాలు అయిపోయింది. రెండోది మర్నాడు వేరే మాలుతో నింపాడు. అందులో కంకర ఎక్కువ పడింది. పైపు నిలువు చూశాడు, డబ్బాల ఎత్తు మట్టంతో చూశాడు. ఏది ఎంత బరువుందో మాత్రం తూచలేదు. గోడలు కట్టేవాళ్లకు తూచే అలవాటు లేదు కదా. తాలీం నడిపే వస్తాదు కూడా తూచలేదు. ఆయనకు ఏ అలవాటూ లేదు, అరవడం తప్ప.

నాకు పదమూడేళ్లు. ఏడో తరగతి. జనవరిలో ఒక ఆదివారం పొద్దున వస్తాదు నన్ను అందరి ముందుకూ లాగాడు. "తాత పోసిన డబ్బాలు మనవడే లేపకపోతే ఎట్ల రా? చల్, ఉఠా!" లేపాను. తల పైదాకా వచ్చింది. అప్పుడు కుడివైపు డబ్బా వెనక్కి వాలింది. దాంతోపాటే నా చెయ్యీ వెనక్కి పోయింది. భుజం లోపల తడిబట్ట పిండినట్టయింది. డబ్బాలు మట్టిలో పడ్డాయి, నేనూ పడ్డాను. వస్తాదు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని ఒక గుంజు గుంజాడు. నేను కేక పెడితే ఇంకో గుంజు గుంజాడు. ఆపైన ఇనుప కడ్డీకి వేలాడమన్నాడు. "లటక్ రా, లటక్! నరం జాగకొస్తది. ఆడపిల్ల లెక్క ఏడుస్తవేంది?" వేలాడాను. నవ్వులు నా వెనకనుంచి వినిపిస్తున్నాయి. ఆ గదిలో ఒక్కడంటే ఒక్కడు, ఎక్కడ నొప్పిరా అని అడగలేదు.

ఆస్పత్రికి తీసుకుపోదామని అమ్మ ఏడ్చింది. తాతయ్య వినలేదు. ఆయన వినకపోవడానికి కారణం మా గదిలో అందరికీ తెలుసు, ఎవరూ బయటికి అనరు. నేను పుట్టకముందు మా నానమ్మకు కడుపునొప్పి వస్తే ఆయన ఆమెను పెద్దాస్పత్రికి తీసుకుపోయాడట. చీటీ రాసే కిటికీ దగ్గర గుమాస్తా చిరునామా అడిగాడు. తాతయ్య చెప్పాడు. గుమాస్తా నానమ్మను తలనుంచి కాళ్లదాకా చూసి, పక్క కిటికీవాడిని పిలిచి ఏదో అని, ఇద్దరూ నవ్వారట. తాతయ్య చీటీ తీసుకోకుండా భార్యను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ ఏడాదే నానమ్మ పోయింది. మళ్లీ ఆ గడప తొక్కనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు ఆయనది. భుజం నాది.

అందువల్ల నన్ను వీధి మలుపులో ఉండే ఎముకలు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మనిషి బీడీ పక్కన పెట్టి, నా చొక్కా విప్పకుండానే "ఉతర్ గయా", కీలు జారిందని తేల్చేశాడు. గుడ్డు సొన, పసుపు పూసి, వెదురు బద్దలు పెట్టి, చేతిని ఛాతీకి బిగించి కట్టాడు. నలభై రోజులు విప్పొద్దన్నాడు. పదో రోజుకే వేళ్లు తిమ్మిరెక్కాయి. పెన్ను పట్టుకుంటే జారిపోయేది. కట్టు కింద చర్మం ఒరుసుకుపోయి వాసన వచ్చేది. అమ్మ వదులు చేయబోతే తాతయ్య గద్దించేవాడు. ఏప్రిల్‌లో పరీక్షలు. నేను ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి, ఒకటో తరగతి పిల్లవాడిలా.

నలభై రోజులు నిండి కట్టు విప్పితే చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. దాన్ని ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు ఉంది. తాతయ్య మళ్లీ అదే మనిషి దగ్గరికి పోయి రెండో కట్టు కట్టిద్దామన్నాడు.

అప్పుడు మా పక్కింటి అక్క కలగజేసుకుంది. ఆమె పెద్దాస్పత్రిలో ఆయా. రోగుల మలమూత్రాల కుండలు మోసే పని అని చాలీలో ఆడవాళ్లు ఆమె బిందె తగిలితే తమ బిందె కడుక్కునేవారు. మమ్మల్ని చిన్నచూపు చూసినవాళ్ల దగ్గర నేర్చుకున్న చూపే అది. అలాంటి మనిషి మాట తాతయ్య వింటాడా? ఆమెకూ తెలుసు. అందుకే భుజం ఊసే ఎత్తలేదు.

"తాతా, నా గోడ ఉబ్బింది. జర పైనించి సిమెంటు రాసిపెట్టు" అని పిలిచింది. తాతయ్య తాపీ పట్టుకుని వెళ్లాడు, నేను వెనకే వెళ్లాను. ఆయన తాపీ పిడితో గోడను కొట్టి, చెవి ఆనించి, ఇంకోచోట కొట్టి, తిట్లు మొదలుపెట్టాడు.

"రాసుడేంది పోరీ, పిచ్చి లేసిందా? ముందుగాల మంచిగున్న జాగ కొట్టి సూడాలె. అది ఎట్ల మోగుతదో తెలిస్తెనే చెడ్డ జాగ ఎట్ల మోగుతదో తెలుస్తది. తడి యాడికెల్లి వస్తున్నదో సూడకుంట పూస్తే నాలుగు దినాలల్ల మొత్తం ఊడిపడ్తది."

"అచ్ఛా" అంది అక్క, చీపురు కింద పెట్టి. "మరి పోరని భుజం ఎవరు కొట్టి సూశిన్రు తాతా?"

తాతయ్య చేతిలో తాపీ గోడకు ఆనించినట్టే ఉండిపోయింది. ఆయన ముఖం నాకు కనిపించలేదు, మెడ మాత్రం ఎర్రబడింది. గోడవైపు చూస్తూనే అడిగాడు. "నీ డూటీ ఎప్పుడు?"

"పొద్దుగాల ఏడింటికి."

మర్నాడు ఆయన ఉతికిన ధోవతి కట్టాడు. గ్రాంట్ రోడ్డు దగ్గర బస్సెక్కాం. అదే ఆస్పత్రి, అదే కిటికీ, గుమాస్తా మాత్రం వేరు. చిరునామా అడిగాడు. తాతయ్య దవడ బిగుసుకుంది. నేనే చెప్పాను. గుమాస్తా కలం ఆపి, తల ఎత్తి, నవ్వాడు. పదమూడేళ్లు పైబడ్డాక గుమాస్తా మారాడు గానీ నవ్వు మారలేదు! తాతయ్య నా మంచి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. నీలం అంచు చీరలో, బకెట్ చేతబట్టుకుని, అక్క మా దారికి అడ్డంగా నిలబడింది. కిటికీవైపు చూస్తూ మరాఠీలో అన్న మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "రాయండి సాహెబ్, గల్లీ నంబరుతో సహా పూర్తిగా రాయండి. మీరు ఆనుకున్న ఈ గోడలు లేపిన చేతులు ఆ గల్లీవే." గుమాస్తా రాశాడు. నవ్వు మాత్రం ఆపలేదు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని చెప్పి, వ్యాయామంతో వైద్యం చేసే గదికి పంపాడు. అక్కే మమ్మల్ని వెంటబెట్టుకుని పోయింది. అక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. ఆమె నన్ను ముట్టుకోలేదు. ముందు ఎడమ చెయ్యి ఎత్తమంది. నొప్పి కుడి చేతికి కదా అన్నాను. "తెలుసు బాబూ. నీకు బాగున్న చెయ్యి ఎంత లేస్తుందో తెలియకుండా బాగోలేనిది ఎంత రావాలో నాకెలా తెలుస్తుంది?" అంది హిందీలో. తాతయ్య గబుక్కున అక్కవైపు చూశాడు. అక్క బకెట్‌లోకి చూసింది.

తరవాత డాక్టరమ్మ అడుగుతూనే పోయింది. ఏ చేత్తో రాస్తావు, ఎప్పుడు తగిలింది, ఏం ఎత్తుతుండగా, ఏవైపు వాలింది, ఎవరెవరు లాగారు, వేళ్లు ఎప్పటినుంచి తిమ్మిరి. రెండు నెలల్లో నా భుజం మీద చేతులు వేసిన ఇద్దరిలో ఎవరూ అడగని మాటలివి. చివరికి, ఆ బరువు ఎంత అని అడిగింది. నాకు తెలియదన్నాను. తాతయ్యను అడిగింది.

"తెల్వదమ్మా" అన్నాడు. తన చేతులవైపు చూసుకుని, "నేనే పోసిన" అన్నాడు.

మొదటి వారంలో తెచ్చి ఉంటే ఇది పెద్ద పని కాదని, దెబ్బ కంటే గుంజడమూ కట్టూ ఎక్కువ చెడగొట్టాయని ఆమె చెప్పింది. మెత్తగానే చెప్పింది. చెయ్యి పూర్తిగా లేస్తుందని మాటివ్వనని కూడా చెప్పింది. ఇవ్వలేని మాట ఇవ్వని మనిషిని నేను మొదటిసారి చూడడం అదే.

ఇంటికి వస్తూనే తాతయ్య తాలీంలోకి వెళ్లాడు. పైపు కోయించి, రెండు డబ్బాలనూ పాత కాగితాలు కొనే రద్దీ దుకాణం కాటాలో పెట్టించాడు. మూడు కిలోల తేడా. అక్కడే, వీధి మధ్యలో, సమ్మెట తీసుకుని రెండింటినీ పగలగొట్టాడు. వస్తాదు లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది ముసలోడా, పాగల్ అయినవా?"

"ఔ. మొన్నటిదాంక."

డాక్టరమ్మ ఇచ్చిన పని గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి, కుడి చేతి వేళ్లను సాలీడులా మెల్లగా పైకి నడిపించాలి. తాతయ్య మొదట నా ఎడమ చెయ్యి పూర్తిగా ఎత్తించి, వేలి కొస దగ్గర గీత పెట్టాడు. మట్టం పెట్టి ఆ గీతను కుడివైపు దాకా తిన్నగా లాగాడు. "గీడిదాంక రావాలె" అన్నాడు. ప్రతి ఆదివారం తన చెవిమీది పెన్సిల్‌తో నా కుడి చేతి గుర్తు పెట్టేవాడు. గుర్తులు ఒక్కొక్కటే పైకి పాకాయి. పరీక్షలు వచ్చాయి, పోయాయి. పెన్ను నిలవలేదు, నేను రాయలేదు. బడిలో నా పేరు కొట్టేశారు. ఏడో తరగతి నాకు ఇప్పటికీ పూర్తి కాలేదు. ఆ తరవాత చదివిందంతా రద్దీ దుకాణంలో పొట్లాల కాగితాల మీదా, పాత పుస్తకాల మీదా ఒంటరిగా చదువుకున్నదే.

వానాకాలం వచ్చేసరికి గుర్తులు ఆగిపోయాయి. ఒకటి, రెండు, మూడు ఆదివారాలు పెన్సిల్ ఒకేచోట పడింది. తాతయ్య నా గుర్తుకూ పై గీతకూ మధ్య తన చెయ్యి అడ్డంగా ఆనించి చూశాడు. సరిగ్గా నాలుగు వేళ్లు పట్టాయి. ఆ వేళ్లు అక్కడినుంచి తీయడానికి చాలాసేపు పట్టింది.

తనను క్షమించమని ఆయన ఎన్నడూ అనలేదు. పక్కింటి అక్కకు ఒక మంచిమాటా చెప్పలేదు. ఆమె గోడ మాత్రం మొత్తం చెక్కి, తడి వచ్చే పగులు వెతికి మూసి, కొత్తగా పూసిపెట్టాడు. అమ్మ ఆమె బిందె పక్కనే తన బిందె పెట్టడం మొదలుపెట్టింది. చాలీలో మిగతావాళ్లు చివరిదాకా కడుక్కుంటూనే ఉన్నారు. దీపావళికి గదికి సున్నం వేసేటప్పుడు, బతికి ఉన్నన్నాళ్లూ, తాతయ్య ఆ గీతలున్న చోటు వదిలేసి వేసేవాడు.

ఇప్పుడు మా వీధి చివర అద్దాల జిమ్ము వచ్చింది. భుజం రుద్దుకుంటూ బయటికి వచ్చే పిల్లల్ని పట్టుకుని ఆపుతాను. నీ చెయ్యి చూసినవాడు ముట్టుకునే ముందు ఏమైనా అడిగాడా, బాగున్న చెయ్యి ఎత్తించి చూశాడా అంటాను. "కుచ్ నహీ అంకుల్, మసాజ్‌తో పోతది" అని నవ్వి పోతారు. మళ్లీ నవ్వే.

పై అరలో పుస్తకం కావాలంటే నేను ఇప్పటికీ ఎడమ చేత్తోనే దించుకుంటాను. కుడి చెయ్యి అరకు నాలుగు వేళ్లు కింద ఆగుతుంది. ఒక వేలు వస్తాదుది, ఒకటి ఎముకలు కట్టేవాడిది, ఒకటి ఆ కిటికీలో నవ్వినవాడిది. ఇన్నేళ్లుగా ఆ ముగ్గురినీ తిట్టుకుంటూనే ఉన్నాను. నాలుగో వేలి దగ్గరికి వచ్చేసరికి నోరు రాదు. గోడకు ఆనిన ఒక ముసలి చెయ్యి, గోళ్ల సందుల్లో సున్నంతో, కనిపిస్తుంది.