నూకాలు బొట్టు

ఎవరివో తెలియని నీకు రాస్తున్నాను. నన్నెరిగినవాళ్ళకి చెప్పే దమ్ము నాకు లేదు. ఇన్నేళ్ళుగా ఒక్క మాట గొంతులో చేపముల్లులా దిగబడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు.

అరవైల చివర్లో కళింగపట్నంలో ఉండేవాణ్ణి. పాత జర్మన్ పాటల వరుస ఒకటి గ్రామఫోను మీద అరిగిపోయేలా వినేవాణ్ణి. అందులో ఒక ఆడమనిషి ప్రేమించి, పెళ్ళాడి, చివరి పాటలో మొగుణ్ణి పోగొట్టుకుంటుంది. పాటకొక బొమ్మ చొప్పున జింకు రేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవాణ్ణి. అన్ని బొమ్మలకీ నా ఎదురుగా కూర్చున్నది నూకాలు, చేపలమ్మే పిల్ల. ఆమె మొగుడు సముద్రం మీదికి వేటకెళ్ళేవాడు. అందుకే ఏ బొమ్మలోనూ తన బొట్టు తియ్యకూడదని ముందే నా దగ్గర మాట తీసుకుంది.

మాటిచ్చాను. చివరి పాటలో మొగుడు పోయినదాని బొమ్మను మాత్రం వదల్లేకపోయాను. ఆమె వెళ్ళాక రేకు మీద ఆ బొట్టును ఉక్కు కడ్డీతో నున్నగా రుద్దేశాను. బొమ్మే కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక తప్పని తెలిసి కూడా, బొమ్మ బాగా కుదురుతోందని లోలోపల మురిసిపోయానా?

అచ్చు తీసి అరుగు మీద ఆరేశాను. నుదురు తెల్లగా వచ్చింది. ఆ వారమే నూకాలు మొగుడి తెప్ప తిరిగి రాలేదు.

నూకాలు అత్త ఆ కాగితం చేతబట్టి, కోడల్ని రెక్కపట్టి లాక్కొచ్చింది.

"ఇది మా కోడలే కదేటి? బొట్టు నువ్వు తీసీసినావా బాబూ? నిజం సెప్పు."

వాళ్ళ వెనకాల పేటలోని మగాళ్ళంతా నిలబడి ఉన్నారు. నాకు భయమేసింది.

"నేను తియ్యలేదమ్మా. తనే తుడుచుకుని కూర్చుంది."

"ఓలమ్మో! అలగంటావేటి బాబూ?" అంది నూకాలు.

మొగుణ్ణి మింగేసిందని తిట్టి, ఆమెను వెళ్ళగొట్టారు. ఎటు పోయిందో నాకెవరూ చెప్పలేదు. నేను అడిగితేగా!

తర్వాత అదే రేకుతో మరో అచ్చు తీశాను. నుదుట నల్లటి చుక్క. సరిగా రుద్దని చోట సిరా నిలుస్తుంది, మామూలే. మళ్ళీ రుద్దాను. మళ్ళీ వచ్చింది. వేలు పెట్టి చూస్తే రేకు మీద ఏమీ తగలదు, కాగితం మీద మాత్రం ఉంటుంది. సిరా నిలిచేదే అయితే మొదటి అచ్చులో ఎందుకు లేదు? ఆ ప్రశ్నకి జవాబు వెతకలేదు. తెల్లరంగు పూసి చుక్కను కప్పి, అచ్చులు అమ్ముకున్నాను. నలుగురూ మెచ్చుకుంటే సిగ్గులేకుండా దండలు వేయించుకున్నాను.

నూకాలు బొట్టు తుడుచుకోలేదు. నేనే తుడిచాను.

ఇంత మాట రాశాక గుండె కాస్త తేలికపడింది. లేచి ఆ పాత రేకుతోనే ఒక అచ్చు తీశాను. చుక్క అలాగే ఉంది, ఇంకా నల్లగా. నాకు క్షమాపణ దొరికిందని అనుకోవడం లేదు. తెల్లరంగు సీసా మూత మాత్రం తియ్యలేదు.