జూనో పాటకు నవ్విన జెలీ

జెలీ పొమ్మెరో నవ్వితే జీతం ఇచ్చేవారు. వినడానికి హాయిగా ఉందిగానీ చెయ్యడానికి అంత హాయి కాదు. పగలంతా బతిన్యోల్ పేటలో ఒక లాండ్రీలో పరాయివాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసేది. పొయ్యి సెగకి ముఖం కందిపోయి, మణికట్లు పీకుతుండగా, సాయంత్రం మొహాన ఇన్ని నీళ్ళు కొట్టుకుని, ఉన్న ఒక్క నల్ల గౌను తొడుక్కుని, కాళ్ళీడ్చుకుంటూ బులెవార్డు అనే పెద్ద వీధిలోని నాటకశాలకు వెళ్ళేది. అక్కడ పెద్ద దీపగుచ్ఛం కింద కూర్చుని కడుపుబ్బ నవ్వేది.

మా పారిస్ పెద్దమనుషులకి పరువు ఎక్కువ. అందరికంటే ముందు నవ్వి, పక్కవాడు నవ్వకపోతే తల కొట్టేసినంత పని అనుకుంటారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూడా, ఎవరైనా మొదలుపెడతారేమోనని గడ్డం నిమురుకుంటూ కూర్చుంటారు. అందుకని ప్రతి నాటకశాలా ఒక కూలి జట్టును పెట్టుకుంటుంది. చప్పట్లు కొట్టేవాళ్ళు కొందరు, మళ్ళీ పాడమని అరిచేవాళ్ళు కొందరు, రుమాళ్ళు తీసి ముక్కు చీదేవాళ్ళు కొందరు. జెలీ నవ్వే బాపతు.

ఆ జట్టుకు పెద్ద బ్రూషార్ అనే బొద్దాయన. జెలీ పడుచుగా ఉన్న రోజుల్లో బట్టలుతికే రేవు పక్కనుంచి పోతూ ఆమె నవ్వు విని ఆగిపోయాడు. ఆ నవ్వు ఎక్కడో కడుపులో మొదలై, గొంతులో ఒకసారి ఇరుక్కుని, ఆపుకుందామని చూసి ఆపుకోలేక బద్దలయ్యేది.

"ఏమ్మా, ఆ నవ్వు రోజూ అలాగే వస్తుందా?" అని అడిగాడు.

"మా ఆయన్ని చూస్తే వస్తుందండీ."

"మీ ఆయన్ని రోజూ హాల్లో కూర్చోబెట్టలేనుగానీ, వేషగాళ్ళని చూపిస్తాను. వస్తావా?"

వెళ్ళింది. కొన్నేళ్ళకి ఆ మొగుడు పోయాడు. నవ్వు మాత్రం ప్రతి సాయంత్రం సాగుతూనే ఉంది. జట్టంతా బ్రూషార్ చేతికర్ర సైగ కోసం చూస్తూ కూర్చుంటే జనం పట్టేస్తారు కనక, ఆయన ఆజ్ఞ మోచేతుల మీదుగా వచ్చేది. ఆయన పక్కవాణ్ణి పొడిస్తే, వాడు ఆ పక్కవాణ్ణి, అలా జెలీదాకా. రానురాను ఆమెకు నాటకంలో మాటలు వినే అవసరం కూడా లేకపోయింది. మోచెయ్యి తగిలితే చాలు, నవ్వు వచ్చేది. ఇంటిదగ్గర మాత్రం పెదవి విడేది కాదు. పక్కింటివాళ్ళు హాస్యమాడితే "పని దిగిపోయాను తల్లీ, ఇంక నావల్ల కాదు" అనేది.

ఆ ఏడు శీతాకాలం మా సంగీతకర్తలు పాతకాలపు గ్రీకు, రోమన్ దేవుళ్ళ మీద పడ్డారు. జెలీ నవ్వే నాటకశాలలోనూ అలాంటి సంగీత నాటకం ఒకటి పెట్టారు. అందులో దేవతల రాజు జూపిటర్ పిడుగు తడిసిపోయి వెలగదు. మహాబలుడు హెర్క్యులిస్ అత్తగారి గొంతు వింటే మంచం కిందికి దూరతాడు. జూపిటర్‌కి మైనం రాసి మెలేసిన మీసం పెట్టారు. ఆ మీసం చక్రవర్తి గారిదేనని ఊరంతటికీ తెలుసు, పైకి అనే మొనగాడు లేడు. అంత గోలలోనూ మూడో అంకంలో ఒక్క పాట నిజంగా దిగులు పాట. ఊరి ఆడవాళ్ళందరి వెంటా తిరిగే మొగుడి కోసం జూపిటర్ పెళ్ళాం జూనో, కిటికీ దగ్గర చల్లారిన సూప్ ముందు పెట్టుకుని ఎదురుచూస్తూ పాడుతుంది.

ఆ జూనో వేషం ఎర్నెస్తీన్ వోకొరేకి వచ్చింది. మొదట అనుకున్న గాయని పెళ్ళి చేసుకుని లియోన్ వెళ్ళిపోవడంతో, గత్యంతరం లేక ఇచ్చారు. ఎర్నెస్తీన్, జెలీ ఒకే వాకిట్లో ఆడుకుని పెరిగినవాళ్ళు. ఎర్నెస్తీన్ వయసంతా బృందగానంలో వెనక వరసలోనే గడిచింది. ఒకసారి వనకన్య, ఒకసారి పల్లెపడుచు, ఒకసారి సన్యాసిని. ముందున్నవాళ్ళ జడలు తప్ప ఏమీ చూసి ఎరగదు.

వేషం వచ్చిన మర్నాడు లాండ్రీకి పరిగెత్తుకొచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఒసే జెలీ, ఇన్నేళ్ళూ జనం నన్ను చూశారుగానీ వినలేదే. ఒక్కసారి హాలంతా నోరు మూసుకుని నా పాట వినాలి. ఆ తర్వాత మళ్ళీ వెనక వరసకి పొమ్మన్నా పోతాను."

"నోళ్ళు మూయించడం నా పని కాదు కదే. తెరిపించేదాన్ని."

"అందుకే వచ్చాను. ఆ ఒక్క పాటకి నీ నోరు మూసుకో."

జెలీ ఒట్టు పెట్టింది. ఊరికే ఒట్టుతో ఆగక, బ్రూషార్ వెంటపడి వేధించి ఒప్పించింది కూడా. జూనో పాటకి నవ్వు లేదు, రుమాళ్ళు మాత్రమే అని ఆయన జట్టు మొత్తానికి చెప్పేశాడు.

మొదటి ఆట సరిగ్గా కార్నివాల్ రోజుల్లో పడింది. ఊరంతా నాట్యాలు, విందులు. అంటే జెలీకి చొక్కాల గుట్టలు. ఆ రోజు తెల్లవారకముందు నుంచీ నిలబడే ఉంది. మొదటి రెండు అంకాల్లో పిడుక్కీ, మీసానికీ, అత్తగారికీ నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టాయి. మూడో అంకంలో జూనో కిటికీ దగ్గరికి వచ్చి పాట ఎత్తుకుంది. హాలు నిజంగానే సద్దుమణిగింది. 'అమ్మయ్య, వింటున్నారు' అనుకుంది జెలీ. నవ్వక్కర్లేని చోటు వచ్చిందని తెలిసిన ఒళ్ళు ఒక్కసారిగా వాలిపోయింది. కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో ఆమెకే తెలియదు.

పక్కన కూర్చున్నావిడ ఏడ్చే బాపతు. తన వంతు వచ్చిందని గౌను చేతిలోపల దోపుకున్న రుమాలు లాగింది. ఆవిడ మోచెయ్యి జెలీ డొక్కలో తగిలింది.

జెలీ నవ్వింది. నిద్రలో నవ్వింది కనక మొహమాటం లేకుండా, పడుచుగా ఉన్నప్పుడు రేవు దగ్గర నవ్వినట్టు నవ్వింది. గొంతులో ఇరుక్కోవడం, ఆపుకోవడం, బద్దలవడం అన్నీ ఉన్నాయి. కళ్ళు తెరిచేసరికి హాలంతా పగలబడి నవ్వుతోంది. కళ్ళు చెమర్చి ఎటు చూడాలో తెలియని పెద్దమనుషులకి ఆ నవ్వు దొరకడమే చాలయింది.

వేదిక మీద ఎర్నెస్తీన్ పాట ఆపేసింది. వాద్యగాళ్ళు తలలెత్తి చూశారు. ఆ ఒక్క క్షణంలో ఆమె ఏం ఆలోచించుకుందో గానీ, చెంచా తీసుకుని చల్లారిన సూప్ నోట్లో పోసుకుని, మొహం వికారంగా పెట్టింది. హాలు కప్పు లేచిపోయింది. ఆ పాటని మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు.

బ్రూషార్ ఉబ్బితబ్బిబ్బై జెలీ చేతులు పట్టుకుని ఊపేశాడు. "నిద్రపోతూ కూడా ఎంత పని చేశావమ్మా! యజమాని గారు ముచ్చటపడిపోతున్నారు. రేపట్నుంచి ఆ నవ్వు అక్కడే పడాలట."

జెలీ ఎర్నెస్తీన్ గదికి వెళ్ళింది. గది నిండా పూలు. ఎర్నెస్తీన్ మొహానికి నూనె రాసుకుని రంగు తుడుచుకుంటోంది.

"నిద్ర పట్టేసిందే. ఒట్టు, కావాలని కాదే."

"తెలుసు. మెలకువగా ఉంటే అంత బాగా నవ్వలేవు నువ్వు."

"తిట్టవే నన్ను."

"ఎందుకు తిట్టాలి? గోడల మీద నా పేరు పెద్దక్షరాల్లో వేస్తారట. పో, ఇంటికి పోయి పడుకో. రేపు కూడా అక్కడే నవ్వు. ముందూ వెనకా చెయ్యకు. చెంచా ఎప్పుడు ఎత్తాలో నాకు తెలియాలి."

ఆ మాటలన్నీ అద్దంలోకి చూస్తూనే అంది. ఆ రాత్రి తరవాత నెలల తరబడి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ పాట ఊరు ఊరంతా పాకింది. గుర్రబ్బండి తోలేవాళ్ళు ఈల వేశారు, కాఫీ దుకాణాల్లో కుర్రకారు చెంచాలు ఎత్తి మొహాలు వికారంగా పెట్టారు. పత్రికలు ఎర్నెస్తీన్ చెంచాని ఆకాశానికెత్తాయి. ఆమె కూడా పోనుపోను ఒక ఎక్కిలి, ఒక తుమ్ము కలిపింది. జెలీ మాత్రం ప్రతి సాయంత్రం తన వాకిట్లో పెరిగిన పిల్లని చూసి నవ్వుతూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయేది. ఒళ్ళు ఎంత హూనమైనా సిగ్గు మాత్రం అలిసిపోదు, అదేం మాయరోగమో.

వసంతం వచ్చింది. ఒక సాయంత్రం జూనో కిటికీ దగ్గరికి వచ్చి పాడుతుండగా మోచెయ్యి తగిలింది. జెలీ నవ్వలేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు. ఇంక చాలనిపించింది, అంతే. పక్కావిడ మళ్ళీ పొడిచింది. వెనకనుంచి బ్రూషార్ చేతికర్ర నేలని కొట్టింది. జెలీ పెదవులు బిగించి కూర్చుంది.

హాలు మాత్రం నవ్వింది. ఎప్పటికంటే గట్టిగానే నవ్వింది. ఊరంతటికీ తెలిసిన చోటు అది, ఎవరూ మొదలుపెట్టక్కర్లేదు. తన నవ్వు ఎప్పుడో ఆ జనం సొంతమైపోయిందని, ఇంక వెనక్కి తీసుకోలేనని జెలీకి అప్పుడు అర్థమైంది.

ఎర్నెస్తీన్ చెంచా ఎత్తబోయి ఆగింది. అన్ని నవ్వుల్లోనూ చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆ ఒక్క నవ్వు లేదు. దీపగుచ్ఛం కిందికి చూసింది. చెంచా పళ్ళెంలో పెట్టేసింది. రెండో చరణం ఏ వేషాలూ వెయ్యకుండా, మొదట్లో నేర్చుకున్నట్టే పాడింది. సూప్ వెచ్చబెట్టుకోవచ్చుగానీ కిటికీ ఎప్పుడు మూసుకోవాలో ఎవరు చెబుతారు అని ఆ చరణం. ఇదేదో కొత్త వేళాకోళం అనుకుని జనం ఇంకా విరగబడ్డారు. జెలీ ముందుకి వంగి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నవ్వుకీ నవ్వుకీ మధ్య దొరికినంత వింది.

ఆట అయ్యాక గుమ్మంలో బ్రూషార్ కాసుకుని ఉన్నాడు.

"ఏమమ్మా, గొంతు పడిపోయిందా?"

"లేదండీ. బాగానే ఉంది."

"అయితే నవ్వని మనిషి నాకెందుకు? రేపట్నుంచి రాకు."

"అలాగేనండీ" అంది జెలీ.

మర్నాడు పొద్దెక్కాక ఎర్నెస్తీన్ లాండ్రీకి వచ్చింది. ఈకల టోపీ గుమ్మానికి తగలకుండా తల వంచి లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుంది.

"ఉద్యోగం పీకేశారటగా."

"పీకేశారు. రాత్రి మొద్దునిద్ర పోయానే. ఎన్నాళ్ళయిందో అలా పడుకుని."

"విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది మరి?"

జెలీ ఇస్త్రీపెట్టెని పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగింది. "బాగా ఎత్తుకున్నావు. చివర్లో మాత్రం గొంతు బొంగురుపోయింది. కిటికీ అనే చోట ఊపిరి చాల్లేదు. వయసు మీద పడుతోందే నీకు."

ఇన్ని నెలల్లో చెంచాని పొగిడినవాళ్ళే గానీ ఆమె గొంతు గురించి మంచో చెడో ఒక్క ముక్క అన్నవాళ్ళు లేరు. ఎర్నెస్తీన్ పక్కనున్న చొక్కాల దొంతరలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అవి డాక్టరు గారి చొక్కాలు, సాయంత్రానికి ఇవ్వాలే" అంది జెలీ. అందేగానీ, వాటిని ఆమె దగ్గరనుంచి తీసుకోలేదు.