బాపు రెండోసారి నడక నేర్చుకున్న ఏడాది

జనగామలో మా ఇంటి పక్క సందులో చెప్పులూ బ్యాగులూ కుట్టే చిన్న దుకాణం ఉంది. మొన్న మా పాప స్కూలు బ్యాగు పట్టీ తెగితే తీసుకుని వెళ్లాను. నీళ్లలో నానబెట్టి తీసిన తోలు వాసన ఒకవైపు, కుట్టే ముసలాయన ఎండకు మెడ నిండా చల్లుకున్న పౌడరు వాసన ఇంకోవైపు. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి నేను మళ్లీ నాలుగో తరగతి పిల్లనై, కొడకండ్ల దగ్గరి మా ఊళ్లో, మా వాకిట్లో, బాపు ముందు పౌడరు డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

మా బాపు యాకయ్య సైన్యంలో లారీ డ్రైవరు. ఏటా బతుకమ్మ పండుగకు సెలవు దొరికించుకుని వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే నల్లటి ఇనుప పెట్టె, దాని నిండా సబ్బుల వాసన, మా ఇంట్లో ఎవరికీ అర్థంకాని హిందీ పాటలు. పొద్దున్నే నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెల్కల వెంట తంగేడు పూలకు తీసుకుపోయేవాడు. మంచుకు తడిసిన గడ్డి ఆయన కాళ్లకు రాసుకుంటూ ఉంటే, నేను పైనుంచి కొమ్మలు వంచి పూలు తుంచేదాన్ని. ఇంటికి వచ్చేసరికి అమ్మ నువ్వులు, మక్కజొన్నలు వేయించి దంచి బెల్లంతో సత్తు ముద్దలు చేసి ఉంచేది. అరుగు చివర మా అవ్వ, అంటే బాపు తల్లి, చుట్ట కాలుస్తూ ఆ ముద్దలు ఎవరు ఎన్ని తింటున్నారో ఓరకంట చూస్తూ ఉండేది.

ఒక ఏడు బతుకమ్మకు బాపు రాలేదు. సరిహద్దు దగ్గర ఆయన లారీ కింద మందుపాతర పేలింది. నెలల తరబడి సైనిక ఆసుపత్రుల్లో ఉండి, ఎండాకాలం మొదట్లో చంకల కింద కర్రలతో ఇంటికి వచ్చాడు. మోకాలి కింద కుడికాలు లేదు. దాని బదులు ఇచ్చిన పెట్టుడు కాలు ఒక గుడ్డ సంచిలో వచ్చింది. తోలు పట్టీలతో, బూటుతో సహా అది గది మూలన నిలబడి ఉంటే, కచ్చకాయలాడటానికి వచ్చే నా దోస్తులు గడప దగ్గరే ఆగిపోయేవారు.

బాపు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ కాలు ఒకటి రెండుసార్లు తొడిగి చూశాడు. బరువుకు, చెమటకు తెగిన చోట చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. విసిరి కొట్టాడు. ఊరిజనం మాత్రం రోజూ వచ్చేవారు. మంచం చుట్టూ కూర్చుని, అయ్యో పాపం అని, చాయ్ తాగి పోయేవారు. పది పదిహేను రోజులు ఓపిక పట్టిన అవ్వ ఒకనాడు చుట్ట పక్కన పెట్టి లేచింది.

“సూసింది సాలు. ఇగ మీ పనులకు పోండ్రి” అని అందరినీ పంపించింది. తర్వాత బాపు మంచం పట్టె మీద కూర్చుంది. “కొడుకా, మొదలు నడక నేర్చినప్పుడు సుత నువ్వు దినాం పడ్డవు. అప్పుడు ఒక్కలు పాపమనలే. మల్ల నేర్చుకో.”

బాపు మళ్లీ గోడ వైపు తిరిగాడు. అయినా మర్నాడు అమ్మ, అవ్వ కలిసి వాకిట్లో నాలుగు గుంజలు పాతి, నడుమెత్తున రెండు పొడవాటి వెదురు బొంగులు కట్టారు. మూడోరోజు తెల్లవారి నేను లేచి చూస్తే బాపు ఆ బొంగుల మధ్య నిలబడి ఉన్నాడు. మొహమంతా చెమట. పళ్లు బిగపట్టి ఉన్నాడు.

అప్పటినుంచి మా ఇంటి దినచర్య మారిపోయింది. ఆసుపత్రిలో ఇచ్చిన బొమ్మల కాగితం గోడకు అతికించుకుని, చల్లపొద్దుకు ఒకసారి, ఎండ దిగినాక ఒకసారి బాపు కసరత్తు చేసేవాడు. తెగిన చోట గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి ఆరినాక పౌడరు చల్లి, మేజోడు తొడగటం నా పని. వాపు దిగటానికి చుట్టే సాగే గుడ్డపట్టీని కింద బిగుతుగా, పైకి పోయేకొద్దీ కొంచెం వదులుగా చుట్టటం నేర్చుకున్నాను. చర్మం ఎక్కడన్నా ఎర్రబడిందా అని చిన్న అద్దం కింద పెట్టి చూసేవాళ్లం. ఆ కాలంటే నాకున్న భయం పోయింది. బొంగులు వదిలి బాపు మొదటిసారి మూడడుగులు వేసిన రోజున, అమ్మ చేతిలోని చాటను అట్లాగే పట్టుకుని నిలబడి ఏడ్చింది.

వానలు పడి నాట్లు మొదలయ్యాక ఆయన పొలం ఒడ్డు మీద నడుస్తానన్నాడు. అమ్మ వద్దన్నా వినలేదు. ఒడ్డు జారి మడిలో పడ్డాడు. పెట్టుడు కాలు బురదలో దిగబడి ఊడి, నిలువుగా అక్కడే నిలిచిపోయింది. నాట్లేసే ఆడవాళ్లంతా బిక్కమొహాలతో చూస్తుంటే, బాపు బురదలో కూర్చుని పగలబడి నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఆ నవ్వు వినటం అదే మొదలు. ఆ ఏడు బతుకమ్మకు నన్ను భుజాల మీద ఎక్కించుకోలేదు గానీ, తంగేడు పూలకు నా పక్కన నడిచి వచ్చాడు.

చలికాలంలో ఒకరోజు మాజీ సైనికులను కలవటానికి మానుకోట వెళ్లి, మనసు పాడై వచ్చాడు. గూడూరు అవతల తండాలో భద్రు అనే జవాను ఉన్నాడట. మంచు కొండల్లో డ్యూటీ చేసి పాదం చెడగొట్టుకుని వచ్చాడట. మానిన పుండు మళ్లీ విచ్చుకుని చీము పడుతున్నా, కాలు తీసేస్తారన్న భయంతో ఆసుపత్రికి పోనని ఇంట్లోనే పడి ఉన్నాడట.

ఆ తర్వాతి ఆదివారం బాపు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పౌడరు, మేజోళ్లు, పట్టీలు ఉన్న సంచి నా భుజానికి వేలాడింది. రెండు బస్సులు మారి గూడూరు దాటి దిగాక, టేకు ఆకులు రాలిన అడవి అంచు బాట పట్టాం. అంత దూరం బాపు అంతకుముందు నడవలేదు. ఎన్నిసార్లు ఆగుదామన్నా, “అగో, గా మలుపు దాటినంక” అనేవాడు.

తండాలో భద్రు తల్లి మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. గుడిసెలో పుండు వాసన. పాతికేళ్ల మనిషి, గొంగడి కప్పుకుని పడుకుని ఉన్నాడు. మా వైపు చూడలేదు. బాపు ఎదురుగా నేల మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, పట్టీలు విప్పి, పెట్టుడు కాలు తీసి అతని ముందు పెట్టాడు.

“గిది సూడు తమ్మీ. నాది మొత్తం పోయింది. నీది ఇంకా ఉన్నది. ఉన్నదాన్ని పండవెట్టి పాడుచేసుకుంటవా?”

“దవాఖానకు పోతే కోస్తరన్నా” అన్నాడు భద్రు.

“కొయ్యచ్చు. నేను అబద్ధం చెప్ప. ఎంత జల్ది పోతే అంత తక్కువ కోస్తరు.”

“కోసినంక?”

“కోసినంక మా ఇంటికి రా. బొంగులు కట్టే ఉన్నయి.”

భద్రు అప్పుడు తలతిప్పి చూశాడు. అతని చూపు పెట్టుడు కాలు మీద కాదు, బాపు మేజోడు మీద ఆగింది. అది రక్తంతో తడిసి ఉంది. నేనూ అప్పుడే చూశాను.

“అన్నా, ఎంత దూరం నడిచినవే!” అంటూ లేచి కూర్చున్నాడు. “యాడీ, వేడినీళ్లు తే” అని తల్లిని కేకేశాడు. ఆమె నీళ్లు తెస్తే, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని తనే బాపు గాయం కడిగాడు. వారాల తర్వాత కొడుకు ఒకరి కోసం చేయి కదపటం చూసి ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం ఎడ్లబండి కట్టించుకుని నలుగురం రోడ్డెక్కాం.

ఆసుపత్రిలో భద్రుకు మూడు కాలివేళ్లు తీసేశారు. పాదం దక్కింది. శివరాత్రి నుంచి ఉగాది దాకా మా ఇంట్లోనే ఉండి, అవ్వ పోసిన అంబలి తాగుతూ, అవ్వ తిట్లు తింటూ వెదురు బొంగుల మధ్య నడిచాడు. తండాకు తిరిగిపోయి వ్యవసాయం చేసుకుంటూ, సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు పరుగు నేర్పాడు. అతని మాట విని, దెబ్బలు తగిలి ఇంటికి చేరిన జవాన్లు కురవి నుంచి ఒకరు, గూడూరు నుంచి ఇద్దరు మా ఇంటికి వచ్చారు. కొన్నేళ్లపాటు మా వాకిలి ఆదివారాలు కసరత్తులతో, హిందీ కేకలతో, చాయ్ గ్లాసుల చప్పుడుతో నిండి ఉండేది.

ఇప్పుడు ఆ వాకిలి సిమెంటు గచ్చు. బొంగులు చెదలు తినేశాయి. అవ్వ పోయింది. గూడూరు అవతలి బాట తారురోడ్డయింది. ఆదివారం వచ్చేవాళ్లలో కొందరు పోయారు, కొందరు కదల్లేకున్నారు. బాపు తొడుక్కునే కొత్త కాలు తేలిక. దానికి తోలు వాసన లేదు.

పోయిన వారం బాపు జనగామలో మా ఇంట్లో ఉండగా, భూపాలపల్లి వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. సైన్యం నుంచి నడుం దెబ్బతో వచ్చిన కొడుకు గది తలుపు తీయటం లేదట. బాపు ఫోన్ పెట్టేసి, “కారు తియ్యి బిడ్డా” అన్నాడు. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్న భద్రును దారిలో ఎక్కించుకున్నాం. ఆ ఇంటికి చేరాక బాపు మూసి ఉన్న గది తలుపు తట్టాడు.

“ఎవలు?” అంది లోపలి గొంతు.

“మేమే తమ్మీ, ఇద్దరం. మేము సుత పటాలంల పనిచేసినోళ్లమే” అన్నాడు బాపు.

“పోండ్రి. నేను రాను.”

“మంచిది. నీకు రాబుద్ధయ్యేదాంక కూసుంటం. మాకేం తొందర లేదు” అన్నాడు భద్రు.

ఇద్దరూ తలుపు ముందు కుర్చీలు వేసుకుని, ఈ ఏడు పత్తి గురించి, పోయిన దోస్తుల గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. అన్నాల వేళకు లోపల గొళ్లెం కదిలింది.