గుహలో కర్పూరం

ఆ గుహ పేరు రాయను. రాస్తే ఇంకో వ్యాను బయల్దేరుతుంది.

మా మరిది బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. ఎవరో తీసిన వీడియో ఒకటి ఫోన్లో చూసి, ఆంధ్రా వైపు ఉన్న ఆ పెద్ద గుహకు అందరం కలిసి పోవాల్సిందేనని పట్టుబట్టాడు. అందరం అంటే తను, తన భార్య, మా ఆయన, నేను, మా మామ. మామ కేజీఎఫ్ బంగారు గనుల్లో, భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. మారికుప్పం స్టేషనుకు దగ్గర్లో మేముంటున్న, గని కార్మికులకు కట్టిన పాత లైనింట్లో, మాతోనే ఉంటారు. గని దుమ్ము ఆయన ఛాతీలో ఇంకా అలాగే ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అందుకే ఆయన్ను తీసుకుపోవద్దనుకున్నాను.

"మామా, మీరు ఇంట్లోనే ఉండండి. జీవితమంతా భూమి లోపలే ఉన్నారు కదా" అన్నాను.

"అదేనమ్మా. నేను దిగినదంతా మనిషి తవ్విందే" అన్నారు. "దేవుడు తవ్వింది ఎట్లుంటాదో ఒకసారి చూడల్ల. ఇంగ నాకు ఎప్పుడు కుదురుతాది?"

ఆ మాటకు నేను అడ్డు చెప్పలేకపోయాను. ఆయన పీల్చుకునే మందు గొట్టాన్ని నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. గుహకు పోయేముందు నన్నెవరైనా సలహా అడిగితే మొదట ఇదే చెబుతాను. మందులు వ్యాన్లో కాదు, చేతికందే చోట ఉండాలి. లోపల ఫోన్లు పలకవు. ఎవరినైనా పిలవాలంటే మళ్ళీ పైకి రావాల్సిందే.

చీకటితోనే బయల్దేరి ముళబాగిలు మీదుగా పోయాం. పొద్దున్నే చేరితే బాగుండేది. మా మరిది దారిలో కనిపించిన ప్రతిచోటా బండి ఆపించి ఫోటోలు తీసుకున్నాడు. చివరికి గుహ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ముందు బిర్యానీ తినాలన్నాడు. నేను రెండు ముద్దలు తిని లేచాను. వాళ్ళు కడుపు పగిలేలా తిన్నారు. నా తోడికోడలు ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చింది. "ఫోటోలు బాగా వస్తాయక్కా" అంది. లోపల నేలంతా తడి. గాలి వెచ్చగా, బరువుగా, ఉడుకుతున్న అన్నం మీద మూత తీసినట్టు ఉంటుంది. కాసేపటికే ఆ పట్టుచీర ఆమె వీపుకు అతుక్కుపోయింది. మొదటి మలుపులోనే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. ఆ నేల మీద ఆమె వట్టికాళ్ళతో నడుస్తుంటే నా ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే ఆ నేల మీద ఏముందో నేను చూస్తూ వస్తున్నాను.

నేను సుకుమారిని కాను. రోజూ మారికుప్పం నుంచి బెంగుళూరుకు రైల్లో పోయొచ్చే మనిషిని. ఆ రైలు పెట్టెలో మరుగుదొడ్డి పక్కన నిలబడి టిఫిను తిన్న రోజులున్నాయి. అయినా ఆ గుహలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోక తప్పలేదు. దారి విశాలమైన ప్రతిచోటా, దీపాలు లేని ప్రతి మూలా మూత్రం కంపు. లోపల మరుగుదొడ్డి ఉండదు, బయటే పని ముగించుకుని దిగాలి. అంత చిన్న సంగతి ఎవరికీ పట్టలేదు. తెల్లటి రాతిపొరల మీద గుట్కా ఉమ్ములు కారి ఎండిపోయాయి. చిన్న నీటిగుంట ఒకటి ఉంది, అడుగున ఇసుకరేణువులు కూడా కనిపించేంత తేట. అందులో చిప్సు ప్యాకెట్లు, పాలసీసా మూత ఒకటి, పిల్లాడికి వాడి పడేసిన డైపరు ఒకటి తేలుతున్నాయి. పట్టుకుని నడవడానికి వేసిన ఇనుప కడ్డీ ఎంత జిగటగా ఉందంటే, ఒకసారి తాకాక చేతిని చీర మీద తుడుచుకుని, ఆ చీరను కూడా ఇంటికి తీసుకుపోకూడదనుకున్నాను.

ఎవరో స్పీకరు తెచ్చారు. అందులో పాట. ఆ పాట మీద ఈలలు. ఈల వేస్తే గుహ తిరిగి పలుకుతుందని ఒకడు మొదలుపెడితే, వెనకాల పదిమంది అందుకున్నారు.

మామ మాత్రం ఇదేమీ చూడలేదు. మొదటి పెద్ద హాలులో తలెత్తి నిలబడిపోయారు. పైకప్పు నుంచి రాయి వేళ్ళలా, తెరల్లా వేలాడుతోంది. ఒక కొన నుంచి నీటిబొట్టు నెమ్మదిగా ఊరి, ఊగి, పడింది.

"మా గనిలో పైనుంచి ఇట్ల నీళ్ళు కారితే గుండె జారిపోయేది" అన్నారు. "ఈడ చూడు, ఎంత ముద్దుగా ఉండాదో."

"ఇక చాలు మామా, మనం ఇక్కడి నుంచే వెనక్కి పోదాం" అన్నాను. పెద్దవాళ్ళను తీసుకుపోయేవాళ్ళకు నేను చెప్పేది కూడా అదే. మొదటి హాలు చూపించి వెనక్కి తీసుకొచ్చేయండి. పోయిన దారిలోనే తిరిగి రావాలి. ఎదురుగా జనం వస్తుంటారు, పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. కానీ మా మరిది అప్పటికే ముందుకు పోయి, "నాయనా, లోపల శివలింగం ఉండాదంట, రాండి" అని కేకేశాడు. దేవుడి పేరు వినేసరికి మామ కదిలారు.

ఆ లింగం ఒక ఇరుకు సందు చివర ఉంది. నేల నుంచి మొలిచినట్టున్న రాయి. దాని మీద కుంకుమ, నూనె, నలిగిన పూలు, పాలపొట్లాలు. అభిషేకం చేసిన పాలు రాతి పగుళ్ళలో పులిసి, ఆ వాసన గొంతులో పట్టేసింది. దాని చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. ముందున్న ఒకావిడ పళ్ళెంలో దోసెడు కర్పూరం పోసి అగ్గిపుల్ల గీసింది.

గాలి ఆడని సందులో ఆ పొగ ఎక్కడికి పోతుంది? మా అందరి ముఖాల మీదికే వచ్చింది. నాకు దగ్గొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే మామ గోడకు చేయి ఆనించి, నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి కోసం వెతుక్కుంటున్నారు. మందు గొట్టం తీసి నోటికి పెట్టాను. మందు లోపలికి పోవాలన్నా కాస్త గాలి కావాలి కదా.

"దారివ్వండి, ఆయనకు ఊపిరాడటం లేదు" అన్నాడు మా ఆయన. ఎవరూ కదల్లేదు. మా వెనకాల నలుగురైదుగురు వరుసగా నిలబడి రీలు తీసుకుంటున్నారు. "ఒక్క నిమిషం అన్నా, ఇది అయిపోనీ" అన్నారు. ఇంకొకతను తన ఫోనును మామ ముఖం వైపు తిప్పాడు. నీలిరంగు దీపం వెలుగులో, నోరు తెరిచి రొప్పుతున్న ముసలాయన. అతనికి అది కూడా తీసిపెట్టుకోదగ్గ దృశ్యమే.

నేను ఆ ఫోనుకు చేయి అడ్డం పెట్టాను. "తియ్యొద్దప్పా."

"పబ్లిక్ ప్లేసక్కా" అన్నాడు.

ముందున్నావిడతో, "అమ్మా, కర్పూరం ఆర్పేయండి, మా మామకు ప్రాణం మీదికి వచ్చింది" అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. "దేవుడి ముందర అట్లా అనకూడదు. హారతి కళ్ళకద్దుకో, అన్నీ ఆయన చూసుకుంటాడు" అంది.

నా చేతిలో సగం నీళ్ళున్న సీసా ఉంది. మూత తీసి, ఆమె భుజం మీదుగా చేయి చాచి, ఆ నీళ్ళన్నీ పళ్ళెంలో పోశాను. చుయ్యిమని మంట ఆరింది.

వెంటనే అందరూ నా మీద పడ్డారు. అపచారమన్నారు, నువ్వు ఏ మతమన్నారు, ఆడదానివేనా అన్నారు. అంతవరకూ దారివ్వమంటే రాళ్ళల్లా నిలబడ్డవాళ్ళు, నన్ను తిట్టడానికి ముందుకు తోసుకొచ్చారు. వాళ్ళు ముందుకు వచ్చేసరికి వెనకాల సందు ఖాళీ అయింది. మా ఆయన మామను నడుం దగ్గర పట్టుకుని ఆ ఖాళీలోంచి బయటికి తీసుకుపోవడం నేను చూశాను. వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను కదలకుండా తిట్లు తింటూ నిలబడ్డాను. ఒకడి నోట్లోంచి గుట్కా తుంపర్లు నా చెంప మీద పడ్డాయి. వాటిని తుడుచుకోవడానికి చేయి ఎత్తే చోటు కూడా లేదు.

నేను పైకి వచ్చేసరికి మామ చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఊపిరి నెమ్మదించింది, పెదాలకు రంగు తిరిగింది. మా ఆయన సోడా తాగిస్తున్నాడు. నన్ను చూసి మామ, "నీకేమీ కాలేదు కదమ్మా?" అని అడిగారు. నేను కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను. సబ్బు లేదు. మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను.

చాలాసేపటికి మరిది, తోడికోడలు వచ్చారు. జరిగిందేదీ వాళ్ళకు తెలియదు. వాళ్ళు అంతకు ముందే ఇంకో పాయలోకి పోయారు. మరిది ముఖం వెలిగిపోతోంది. జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో వేలంత పొడుగు రాతి కొన ఉంది, ఒకవైపు కొత్తగా విరిగిన తెల్లటి గాటు.

"చూడండి వదినా, ఏమి దొరికిందో."

"దొరికిందా, విరిచినావా?"

"చిన్న ముక్కే కదా. లోపల ఇట్లాంటివి వేలకొద్దీ ఉండాయి. షోకేసులో లైటు పెట్టి నిలబెడితే బలే ఉంటాది."

మామకు ఏమైందో మా ఆయన చెప్పాడు. మరిది అయ్యో అన్నాడు, ఆయన భుజం మీద చేయి వేశాడు. రెండో చేతిలో ఆ రాయిని మాత్రం వదల్లేదు. నేను లాక్కున్నాను. గేటు దగ్గర టికెట్లు చింపే అతనికి తీసుకుపోయి ఇచ్చాను. తప్పు చేసినవాడిని చూపించమంటే చూపించడానికి కూడా సిద్ధపడే పోయాను.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూడను కూడా చూడలేదు. "ఆ మూల బక్కెట్లో వేయండమ్మా" అన్నాడు.

చీపుర్ల పక్కన ప్లాస్టిక్ బక్కెట్టు ఉంది. అందులో ఇలాంటి కొనలు, తునకలు, వాటి మధ్యలో గుట్కా కాగితాలు, ఖాళీ కప్పులు. చల్లటి చీకట్లో తడిగా మెరిసే రాళ్ళు అక్కడ ఎండిపోయి, అరిగిన సుద్దముక్కల్లా పడి ఉన్నాయి. తిన్న ఆ రెండు ముద్దలూ గేటు వెనకాల కక్కేశాను.

తిరుగు ప్రయాణంలో మరిది నాతో మాట్లాడలేదు. మర్నాడు ఉదయం రైలు బంగారుపేట దాటాక, ఎదురు సీట్లో ఒకామె నన్ను తేరిపార చూసి, "కర్పూరం మీద నీళ్ళు పోసింది నువ్వేనా అక్కా?" అని అడిగింది. నన్నెవరో వీడియో తీశారు. ఊపిరాడని ముసలాయన ఆ వీడియోలో లేరు. నేను, సీసా, ఆరిపోయిన హారతి మాత్రమే ఉన్నాయి. కింద ఎంతోమంది నన్ను తిట్టారు. మా ఆయన చదవొద్దన్నాడు. నేను మొత్తం చదివాను. మా కుటుంబం గ్రూపులో దాన్ని పెట్టింది మా మరిదే. పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

సాయంత్రం మామ ఆ వీడియో చూపించమని అడిగారు. మూడుసార్లు చూశారు. ఏమంటారోనని నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఇదో, నీ వెనకాల ఉండే గోడ చూడమ్మా" అన్నారు వేలు పెట్టి. "పొగలో నేను సరిగా చూడలేకపోతి. ఎంత బాగుండాదో, పట్టుగుడ్డ మడిచి పెట్టినట్ల."

నేను వంగి చూశాను. ఆ మడతల మీద ఎవరో తమ పేరూ, ఇంకొకరి పేరూ మేకుతో లోతుగా చెక్కి, చుట్టూ గీత గీశారు. మామ కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆయన ఇంకోసారి చూస్తానంటే ఫోను ఆయన చేతికే ఇచ్చి, నేను స్నానానికి లేచాను.